నాయనమ్మ కుక్కకి నేర్పిన రెండు మాటలు

మొన్న ఉదయం యూనివర్సిటీలో నడకకి వెళ్లినప్పుడు నా నోటివెంట ఒక పాత మాట వచ్చింది. చిన్నప్పుడు విన్న మాట. పెద్దయ్యాక నేను దాన్ని అలా అరిచిన సందర్భం ఒక్కటీ లేదు.

తార్నాక వైపు నుంచి లోపలికి వస్తే ఎడమ పక్క చెట్టు కింద ఒక సిమెంటు బల్ల ఉంది. నా మోకాళ్లు ఒప్పుకునేది అంతవరకే. నేను కూర్చునేసరికి ఒక అమ్మాయి, అడిక్‌మెట్‌లో గది తీసుకుని చదువుకుంటున్న పిల్లట, గోధుమరంగు కుక్కపిల్లని తెచ్చి తాడు విప్పింది. అది గిరగిరా పరిగెత్తింది. "కమ్! కమ్ రా! ఏయ్, ఇటు రారా! వస్తవా రావా?" అని ఆ పిల్ల అరుస్తూనే ఉంది. కుక్కపిల్ల ఓసారి వెనక్కి చూసి, ఇది మామూలే అన్నట్టు గేటు దారి పట్టింది. గేటు అవతల బస్సులు.

నేను లేచి నిలబడి "మడి!" అని అరిచాను.

అది ఆగలేదు. ఎందుకు ఆగుతుంది? గేటు దగ్గర కాపలా ఆయన చేతులు చాచి పట్టుకున్నాడు కాబట్టి సరిపోయింది. ఆ పిల్ల దాన్ని చంకలో వేసుకుని, తాడు మళ్లీ కట్టి నా దగ్గరికి వచ్చింది.

"ఏమన్నరు ఆంటీ? మడినా? అంటే ఏంది?"

"పెద్ద కథమ్మా."

"చెప్పుర్రి. నాకు క్లాసుకు ఇంకా టైమున్నది."

బల్ల మీద కూర్చుని ఏదో చెప్పాను కానీ సగం వదిలేశాను, వరస కూడా తప్పాను. అలా చెప్పడం నాకు నచ్చదు. సరిగ్గా చెబితే అది ఇలా ఉంటుంది. తారీఖులు నా దగ్గర ఉన్నాయి, ఇక్కడ వాటి అవసరం లేదు. పేర్లు కావాలనే వదిలేస్తున్నాను. మనుషుల పేర్లు వదిలేసి కుక్క పేరు ఒక్కటీ రాయడం బాగుండదు కాబట్టి దానిదీ రాయను.

మాది యూనివర్సిటీ క్వార్టరు. రాతి గోడలు, ఎత్తయిన కప్పు, వెనక పొడుగాటి వరండా. వరండా దిగితే పెరడు, పెరట్లో జామచెట్టు. పెరడు దాటితే బండరాళ్ల గుట్ట, గుట్ట వెనక సీతాఫలం పొదలు, పొదల వెనక రైలు పట్టాలు. నాన్న అక్కడే కెమిస్ట్రీ పాఠాలు చెప్పేవారు. అమ్మ లాలాగూడలో టీచరు. పొద్దున్నే వెళితే సాయంత్రమే రావడం. బాబాయి మా ఇంట్లోనే ఉండి చదువుకునేవాడు. మిగిలింది నాయనమ్మ, నేను.

మా ఇంట్లో గడియారం కంటే లాలాగూడ రైల్వే వర్క్‌షాపు కూతకే విలువ ఎక్కువ. ఆ కూత వింటే నాయనమ్మ పొయ్యి మీద ఎసరు పెట్టేది. బొగ్గు ఇంజన్ల రోజులవి. మధ్యాహ్నం గాలి ఇటు తిరిగితే ఇల్లంతా బొగ్గు వాసన, దాని మీద నాయనమ్మ వేయించే కాఫీ గింజల వాసన. ఆ రెండూ కలిసిన వాసన నాకు మళ్లీ ఎక్కడా తగల్లేదు. వరండాలో ఎత్తుగా కట్టిన దండెం మీద నాయనమ్మ మడిబట్ట ఆరుతూ ఉండేది. దాని మీద బొగ్గు నుసి పడితే ఆవిడ నాన్నని పిలిచేది.

"ఒరేయ్, నుసి పడిందిరా. మడి పోయినట్టా, ఉన్నట్టా?"

"నిప్పులోంచి వచ్చిందేగా అమ్మా. దానికంటే శుద్ధమైంది ఏముంది?"

"కెమిస్ట్రీ నాకు చెప్పకు. పోయిందా, ఉందా?"

"ఉందమ్మా, ఉంది."

మడి అంటే ఈ కాలం పిల్లలకి చెప్పాలి. నాయనమ్మ పొద్దున్నే చన్నీళ్లు తలమీద పోసుకుని, ముందురోజు ఎవరూ తాకకుండా ఆరేసిన బట్ట కర్రతో దించి కట్టుకునేది. అక్కడి నుంచి వంట, పూజ, భోజనం అయ్యేదాకా ఆవిడ ఎవర్నీ తాకదు, ఆవిడని ఎవరూ తాకకూడదు. తాకితే మళ్లీ తలమీద నీళ్లు. మాలో ఎవరైనా ఏమరుపాటున దగ్గరికి వెళితే "మడి!" అనేది. అరుపు కాదు అది. గడ్డం కాస్త పైకెత్తి, పొట్టిగా, ఒక్కసారి. ఎక్కడివాళ్లం అక్కడ ఆగిపోయేవాళ్లం. భోజనం చేసి మామూలు చీర కట్టుకున్నాక వెనక వరండాలోకి వచ్చి, ఇల్లంతటికీ వినపడేలా "విడిచాను" అనేది. మడి విడిచాను అని. అక్కడి నుంచి ఆవిడ ఒడి మాది.

మా పక్క క్వార్టర్లో ఉండే ఆవిడది భువనగిరి దిక్కు. వ్యవసాయం ఇంటి ఆడపడుచు. ఆవిడ భర్త యూనివర్సిటీ ఆఫీసులో పనిచేసేవారు. నేను మొదట్లో ఆవిడని పిన్నీ అని పిలిచాను.

"పిన్ని అనకు బిడ్డా. నాకు పిన్నీసు యాదికొస్తది. చిన్నమ్మ అను."

అలా చిన్నమ్మ అయింది. ఎవరి మాటైనా ఒకసారి వింటే అచ్చు దించేది. కూరగాయలమ్మే ఆయన్ని, ఆఫీసు పెద్ద దొరని, మా నాన్న పాఠం చెప్పే తీరుని. నాన్నని అనుకరించినప్పుడు నాన్నే కళ్లజోడు తీసి తుడుచుకుని, "నేను నిజంగా అంత నసుగుతానా?" అని అడిగారు. "ఇంకా జెర్ర ఎక్కువనే సారూ" అంది.

కుక్క కూడా చిన్నమ్మ ద్వారానే వచ్చింది. పుట్టింటికి వెళ్లి వచ్చేటప్పుడు బుట్టలో పెట్టి తెచ్చింది. ఎండిన పల్లీ పొట్టు రంగు, ఒక చెవి నిలబడి, ఒక చెవి వాలి. నేను దాన్ని ఎత్తుకుని ఇక దించలేదు.

నాన్న ఉండనిచ్చారు కానీ షరతు పెట్టారు. "నాయనమ్మ ఈ వయసులో, ఈ చలిలో రెండోసారి చన్నీళ్లు పోసుకోకూడదు. ఈ కుక్క వల్ల ఆవిడ మడి చెడిందంటే అది తిరిగి భువనగిరి వెళుతుంది. ఏడవడాలు ఉండకూడదు." నాన్న కఠినుడు కాదు. తల్లి ఊపిరితిత్తుల బలహీనత ఆయనకి తెలుసు, అంతే.

దానికి చెప్పిన మాట వినడం నేర్పే పని బాబాయి తీసుకున్నాడు. తాడు కట్టి, పెరట్లో నిలబెట్టి, "రా" అని తాడు లాగేవాడు. తాడు ఉన్నంతసేపు వచ్చేది. తాడు తీస్తే జామచెట్టు కింద కూర్చుని ఆయన్నే ప్రశాంతంగా చూసేది. అసలు చిక్కు ఎక్కడుందో మాకు తెలియడానికి చాలా రోజులు పట్టింది. మా ఇంట్లో మాటకొక "రా" ఉండేది. నాన్న బాబాయిని లేవరా, తినరా, చదవరా అనేవారు. నాయనమ్మ నాన్నని ఏమిరా, వినరా అనేది. మొదట్లో ప్రతి "రా"కీ కుక్క లేచి వచ్చేది. నాన్న బాబాయితో "పోరా" అంటే పాపం లేచి, రావాలో పోవాలో తెలియక మధ్యలో నిలబడేది. వచ్చినందుకు ఎవరూ ఏమీ అనకపోయేసరికి లేవడం మానేసింది. దానికితోడు బాబాయి "రా" అని పిలిచి స్నానం చేయించేవాడు, "రా" అని పిలిచి కొరికిన చెప్పు ముక్కు దగ్గర పెట్టి తిట్టేవాడు.

చిన్నమ్మ గోడ మీద మోచేతులు ఆనించి చూస్తూ ఉండేది. "మీ ఇంట్ల ఎవలు నోరు తెరిచినా రా అనవట్టె. దాంట్ల తనది ఏ రా అని కుక్కకెట్ల తెలుస్తది తమ్మీ?"

"ఇంగ్లీషులో నేర్పుతాను అయితే."

"నేర్పు. అన్నం గూడ ఇంగ్లీషులనే పెట్టు."

జరగకూడదనుకున్నది ఒక చలి ఉదయం జరిగింది. నాయనమ్మ మడిబట్ట కట్టుకుని తులసికి నీళ్లు పోయడానికి వరండా దిగింది. కుక్క తోక ఊపుతూ ఎదురెళ్లింది. బాబాయి వెనక నుంచి "రా! ఇటు రా!" అని అరిచాడు. ఆ అరుపుకి అది ఇంకా ఉత్సాహపడి ముందుకాళ్లు రెండూ ఎత్తి నాయనమ్మ మోకాళ్ల మీద వేసింది.

నాయనమ్మ వెళ్లి మళ్లీ స్నానం చేసి వచ్చింది. పెదాలు నీలంగా ఉన్నాయి. నాన్న "ఆదివారం పంపించేస్తున్నాను" అన్నారు. నేను ఏడవకూడదు కాబట్టి గుమ్మం పట్టుకుని నిలబడ్డాను.

వంటింట్లోంచి నాయనమ్మ అంది. "ఎందుకురా పంపడం?"

"షరతు అదే కదమ్మా."

"ఆ షరతు నువ్వు దీనితో చెప్పావా?" నా వైపు చూపించింది. "చెప్పావు. కుక్కతో చెప్పావా? చెప్పలేదు. చెప్పని తప్పుకి శిక్షేమిటి? నేను చెబుతాను. వచ్చే పున్నమికి కూడా వినలేదంటే అప్పుడు నీ ఇష్టం."

అక్కడి నుంచి చూసినవన్నీ నాకు ఈ రోజుకీ స్పష్టంగా ఉన్నాయి. నేను తర్వాత చాలామంది మంచి ఉపాధ్యాయుల దగ్గర చదువుకున్నాను. చెప్పడం అంటే ఏమిటో చూసింది మాత్రం ఆ పెరట్లోనే.

ఆవిడ కుక్కని తాకకూడదు. అదే ఆవిడకి కలిసి వచ్చింది. తాడు లాగడం లేదు, మెడ పట్టి కూర్చోబెట్టడం లేదు. ఉన్నదల్లా గొంతు, దూరం. దేవుడికి కొట్టిన కొబ్బరికాయలోంచి చిన్న చిన్న ముక్కలు కోసి ఇత్తడి గిన్నెలో పెట్టుకునేది. కుక్క ఆవిడ వైపు వస్తుంటే, మరీ దగ్గరికి రాకముందే, "మడి!" అనేది. మొదటి రోజుల్లో నేను జామచెట్టు దగ్గర దాని నడుముకి తువ్వాలు చుట్టి పట్టుకుని ఉండాలి. మాట వినపడగానే నేను ఆపాలి. అది ఆగగానే ఆవిడ ఒక ముక్క విసరాలి. ముక్క సరిగ్గా దాని ముందుకాళ్ల దగ్గరే పడేది. ముందుకు పడితే ముక్క కోసం ముందుకు వస్తుంది కదా. అందుకని విసరడం ముందు విడిగా అభ్యాసం చేసింది, జామచెట్టు మొదలుకి గురిపెట్టి.

కొన్నాళ్లకి తువ్వాలు అక్కర్లేకపోయింది.

నాన్న ఒకసారి అడిగారు. "ప్రసాదం కుక్కకి వేస్తున్నావేమిటమ్మా?"

"ఈ ఇంట్లో ప్రసాదం తినేవాళ్లలో చెప్పిన మాట వినేది అదొక్కటే."

ఆవిడ నియమాలు గట్టివి. మాట ఒక్కసారే అనాలి. రెండోసారి అంటే మొదటిసారి వినక్కర్లేదని మనమే నేర్పినట్టు. వింటుందని నమ్మకం లేని చోట అసలు అనకూడదు. ముందు దగ్గర్లో నేర్పి, తర్వాత దూరం పెంచాలి. ముందు ఖాళీ పెరట్లో, తర్వాత కాకులు వాలినప్పుడు, ఆ తర్వాత పిల్లి గోడ మీద నడుస్తున్నప్పుడు. ఆ మాట ఆటకి ఎవరూ వాడకూడదు. బాబాయి ఓసారి సరదాగా అనబోతే, "ఆ మాట నోట్లో నానితే నీ అన్నం నువ్వే వడ్డించుకో" అంది. నేను మాత్రం ఎవరూ లేనప్పుడు స్నానాల గది వైపు వెళుతున్న బాబాయి మీద ప్రయోగించి చూశాను. ఆగాడు. అలవాటు మరి.

ఇక రెండో మాట. మధ్యాహ్నం "విడిచాను" అని ఆవిడ వరండాలో కూర్చోగానే కుక్కకి పెరుగన్నం, దాని తర్వాత మెడ కింద గోకడం. స్నానాలు, తిట్లు, చెప్పుల తగవులు ఆ మాట దరిదాపులకి రావు. "పిలిచి తిడితే మళ్లీ ఎందుకొస్తుంది? నువ్వైనా వస్తావుటే?" అని నన్నడిగింది. తిట్టాలంటే మనమే లేచి దాని దగ్గరికి వెళ్లాలి. పిలుపు మాత్రం ఎప్పుడూ మంచికే ఉండాలి. దాంతో కుక్క ఎక్కడున్నా, గుట్ట మీద ఉన్నా, "విడిచాను" వినపడితే చెవులు వెనక్కి మడిచి దుమ్ము లేపుకుంటూ వచ్చేది. విడిచాను అంటే దానికి దగ్గరికి రమ్మని అర్థం. ఆలోచిస్తే మాకూ అంతే.

ఒకనాడు ఆవిడ తార్నాకలో పురాణం వినడానికి వెళ్లి వచ్చి, కాళ్లు కడుక్కుని, ముందు మా కుక్క ఎక్కడుందని అడిగింది. బస్సు స్టాపు దగ్గర ఒక కుక్క చచ్చిపడి ఉందట. రోడ్డుకి అవతల ఉన్నదాన్ని ఇవతల నుంచి ఎవరో పిల్లలు పిలిచారట. అది పిలిచినందుకే వచ్చింది.

మర్నాటి నుంచి నాయనమ్మ, మడి విడిచాక కూడా, సాయంత్రాలు కుక్కని పెరడు దాటించి గుట్ట దగ్గరికి తీసుకెళ్లడం మొదలుపెట్టింది. అది పరిగెత్తుతున్నప్పుడు, ఎదురుగా వస్తున్నప్పుడు, మధ్యలో ఆపేది.

నాన్న నవ్వారు. "విడిచాక కూడా మడి అంటున్నావు. అబద్ధం కాదూ?"

"మడి నాది. మాట దానిది" అంది. గుట్ట వైపు చూస్తూ, "దూరంగా ఉన్నదాన్ని దగ్గరికి పిలవడం అందరూ చేస్తారురా. దూరంగానే ఆపగలగాలి" అంది.

ఆ రోజుల్లోనే చిన్నమ్మ ఒక పని చేసింది. నాయనమ్మ వంటింట్లో ఉంది. కుక్క పెరట్లో తొండని తరుముతోంది. గోడ అవతల నుంచి "మడి!" అని వినిపించింది, అచ్చు నాయనమ్మ గొంతు. కుక్క కాలెత్తినది ఎత్తినట్టే ఆగిపోయింది. నాయనమ్మ గరిటెతో సహా బయటికి వచ్చింది.

"ఎవరే అది, నా మాట ఎత్తుకుపోయింది?"

గోడ మీద చిన్నమ్మ తల లేచింది, నవ్వాపుకుంటూ. "నేనే అవ్వా. కుక్క నమ్ముతదా లేదా అని చూసిన."

"చూశావుగా. ఆపినదానివి నువ్వే విడిచిపెట్టాలి. లేకపోతే అది సాయంత్రం దాకా అలాగే ఉంటుంది."

చిన్నమ్మ గొంతు సవరించుకుని "విడిచాను" అంది. ఆ "చా" దగ్గర నాయనమ్మ సాగదీసే సాగు కూడా ఉంది. కుక్క తోకాడిస్తూ గోడ దగ్గరికి పరిగెత్తింది. నాయనమ్మకి నవ్వొచ్చింది. చెప్పిన పని చేసింది కాబట్టి కుక్కకి ఒక ముక్క విసిరింది.

చిన్నమ్మ గోడ మీద గడ్డం ఆనించి అంది. "ఒక్కటడుగుత, ఏమనుకోకు అవ్వా. నీ మాటకు కుక్క ఆగుతున్నది, నేను గూడ ఆగుతున్న. రోజు తోడు పెరుగుకొచ్చి గా మెట్టు కాడనే నిలబడుత. దానికైతె కొబ్బరి ముక్క ఉన్నది."

నవ్వుతూనే అంది. నాయనమ్మ ఆ మెట్టు వైపు చూసి, గరిటెతో లోపలికి వెళ్లిపోయింది.

సీతాఫలాలు అయిపోవచ్చే రోజులవి. అందరూ ఆ సంగతి వేసవిలో జరిగిందంటారు. కాదు. వేసవిలో సీతాఫలాలు ఎక్కడివి? పున్నమి ఇంకా రాలేదు. నాన్న ఆ మాట ఎత్తడం లేదు కానీ మరిచిపోలేదని నాకు తెలుసు. ఒక సాయంత్రం, షాపు కూత అయిన తర్వాత, చిన్నమ్మ, బాబాయి, నేను గుట్ట వెనక పొదల్లోకి వెళ్లాం. కళ్లు విచ్చిన కాయలు కోసి తెస్తే నాయనమ్మ బియ్యం డబ్బాలో ముగ్గేసేది. చిన్నమ్మ చంకలో బుట్ట. కుక్క మాతోనే ఉంది.

పొదలోంచి కౌజుపిట్ట ఒకటి టపటపమని లేచింది. కుక్క దాని వెంటపడింది. పట్టాలు రెండు వరసలు. అది రెండూ దాటి అవతలి గట్టెక్కింది. పిట్ట ఎటో పోయింది. కుక్క అక్కడ నిలబడి చుట్టూ వెతికి, ఇటు తిరిగి మమ్మల్ని చూసింది. అప్పుడే మలుపు అవతల కూత వినిపించింది.

గూడ్సు బండి. మలుపు తిరిగే దాకా కనపడదు, తిరిగాక టైముండదు. కుక్క మా వైపు గట్టు దిగడం మొదలుపెట్టింది, తీరుబడిగా, నాలుక వేలాడేసుకుని.

"రా! రా, రా! తొందరగా రారా!" బాబాయి అరిచాడు. బండి వచ్చేలోపు ఇటు దాటేస్తుందని ఆయన ఆశ. ఎన్నాళ్ల నుంచో ఆ మాటకి రాని కుక్క, ఆ గొంతులో భయం విని, ఆ రోజు పరుగందుకుంది.

నేను "మడి" అన్నాను. నా గొంతు పిల్లి కూనలా వచ్చింది. కుక్క వాలిన చెవి ఇటు కదిలింది కానీ కాళ్లు ఆగలేదు. ఇంజను మలుపు తిరిగింది.

"మడి!"

నాయనమ్మే వచ్చిందనుకుని నేను వెనక్కి చూశాను. ఎవరూ లేరు. పక్కన చిన్నమ్మ, చంకలో బుట్టతో, గడ్డం కాస్త పైకెత్తి నిలబడి ఉంది. ఒక్కసారే అంది.

కుక్క అవతలి పట్టాలకి ఆనుకుని, కంకర మీద, ఒక కాలు గాల్లో ఉండగా ఆగిపోయింది. ఆ తర్వాత మెల్లగా వెనక్కి కూర్చుంది. ఇంజను దానికీ మాకూ మధ్యలోకి వచ్చేసింది.

గూడ్సు బళ్లు ఎప్పటికి అవుతాయో తెలియవు. చక్రాల సందుల్లోంచి పల్లీ పొట్టు రంగు కనపడేది, పోయేది, మళ్లీ కనపడేది. బాబాయి మళ్లీ నోరు తెరిచాడు. చిన్నమ్మ ఆయన నోటికి చెయ్యి అడ్డం పెట్టింది. "సప్పుడు చెయ్యకు. అవ్వ మాట మీద కూసున్నది. నువ్వు లేపకు."

ఆఖరి పెట్టె వెళ్లిపోయింది. పొగ మా మీదికి దిగింది. కుక్క అక్కడే ఉంది, కదలకుండా, కళ్లు మా మీద పెట్టుకుని. బాబాయి ఇక ఆగలేక "రా" అన్నాడు. అది రాలేదు. చిన్నమ్మ ఆ పక్క చూసింది, ఈ పక్క చూసింది. రెండో వరస పట్టాల మీద కూడా ఏమీ లేదని నిదానంగా చూసుకుంది. అప్పుడు, సాగు దగ్గర సాగదీసి, "విడిచాను" అంది.

దుమ్ము లేపుకుంటూ వచ్చి చిన్నమ్మ చేతులు వాసన చూసింది. చేతుల్లో కొబ్బరి లేదు. "అయ్యో, నీ కూలి ముక్క తేలేదు కదనే" అని బుట్టలోంచి పండు ఒకటి చిదిమి, గింజలన్నీ ఏరి పారేసి, గుజ్జు అరచేతిలో పెట్టి తినిపించింది. ఆ తర్వాత నేల మీద కూర్చుని, దాని మెడ కౌగిలించుకుని, "దొంగముండా, దొంగముండా" అంటూ ఏడ్చింది. ఆ ఏడుపు ఎవరి గొంతుతోనూ కాదు, ఆవిడ సొంతం.

ఇంటికి వచ్చి బాబాయి అంతా చెప్పాడు. నాన్న మెట్టు మీద కూర్చుండిపోయారు. నాయనమ్మ రెండే ప్రశ్నలు అడిగింది.

"ఎన్నిసార్లు అంది?"

"ఒక్కసారే అమ్మా."

"విడిచేముందు చూసిందా?"

"రెండు పక్కలా చూసింది."

"సరిగ్గా చేసింది" అంది నాయనమ్మ. ఆవిడ నోట ఆ మాట రావడం చిన్న సంగతి కాదు. నాన్న కుక్క తలమీద చెయ్యి వేసి, "ఇక పున్నమితో పని లేదులే" అన్నారు. నేను అప్పుడు ఏడ్చాను.

మర్నాడు పొద్దున్న నాయనమ్మ మామూలుగానే చన్నీళ్లు పోసుకుని, మడిబట్ట కట్టుకుని పొయ్యి ముందు కూర్చుంది. గారెలు వేస్తోంది. పూజ ఇంకా కాలేదు. రోజూ వచ్చే వేళకి చిన్నమ్మ తోడు పెరుగు కోసం గిన్నె పట్టుకుని వచ్చింది. వచ్చి, రోజూ ఆగే మెట్టు దగ్గరే ఆగింది. కుక్క కూడా దాని చోట అది ఆగింది. ఇద్దరికీ ఎవరూ చెప్పక్కర్లేదు.

నాయనమ్మ లేచి గడప దగ్గరికి వచ్చింది. తల ఇంకా తడిగానే ఉంది. చిన్నమ్మని చూసింది. "విడిచాను" అంది.

కుక్క పరిగెత్తుకొచ్చి ఆవిడ కాళ్ల మీద పడింది. నేను నూనె వైపు చూశాను, ఆఖరి వాయి గారెలు ఇంకా మూకుట్లోనే ఉన్నాయి. చిన్నమ్మ ఎండ వైపు చూసింది.

"పొద్దు ఇంక నెత్తి మీదికే రాలే అవ్వా. ఎవల్ని పిలిచినవ్, కుక్కనా?"

"కుక్కకి మాట చాలు. నీకు పీట కూడా వేశాను. గారెలు చల్లారిపోతున్నాయి, లోపలికి రా."

ఆ "రా" ఎవరికో ఎవరికీ అనుమానం కలగలేదు. కుక్క కూడా లేవలేదు. చిన్నమ్మ చేతిలో గిన్నె మెట్టు మీద పెట్టి, చీర కొంగుతో ముఖం తుడుచుకుని లోపలికి వచ్చింది. పొయ్యి పక్కన పీట మీద కూర్చుని గారెలు తింది. ఎన్ని తిందో నాకు తెలుసు, చెప్పను.

నాయనమ్మ మడి మానలేదు. ఆ మర్నాటి నుంచి మళ్లీ అదే బట్ట, అదే దండెం. కానీ చిన్నమ్మ మెట్టు దగ్గర నిలబడటం మళ్లీ నేను చూడలేదు. ఆవిడ గిన్నె చప్పుడు వినగానే నాయనమ్మ విడిచేసేది. చిన్నమ్మ వెళ్లాక మళ్లీ నీళ్లు పోసుకునేదో లేదో నాన్న అడగలేదు, నాయనమ్మా చెప్పలేదు. కుక్క మాతో చాలా ఏళ్లు ఉండి, ముసలిదై, జామచెట్టు కింద పోయింది. నాయనమ్మ దానికంటే ముందే పోయింది. ఆ తర్వాత మధ్యాహ్నాలు చిన్నమ్మే గోడ దగ్గరికి వచ్చి "విడిచాను" అని దాన్ని అన్నానికి పిలిచేది. సెలవు రోజుల్లో ఆ గొంతు వినపడితే వంటింట్లో అమ్మ చెయ్యి కాసేపు ఆగేది.

ఇప్పుడు ఆ క్వార్టర్లు లేవు. గుట్టలో సగం లేదు. లాలాగూడ కూత ఎప్పుడు ఆగిందో ఎవరూ గమనించలేదు. మడి అంటే ఏమిటో నా మనవరాలికి చెప్పడానికి చాలాసేపు పట్టింది, చెప్పాక "పాపం" అంది. ఎవర్ని అందో నేను అడగలేదు.

ఆ అడిక్‌మెట్ అమ్మాయిని రేపు మళ్లీ రమ్మన్నాను. కొబ్బరి నేను తెస్తానన్నాను. మాట మాత్రం తనే వెతుక్కోవాలని, వాళ్ల గదిలో ఎవరూ ఊరికే అనని మాట చూసుకోమని చెప్పాను.

"మీదే ఇయ్యుర్రి ఆంటీ. మడి. మంచిగున్నది, చిన్నగున్నది."

ఇవ్వొచ్చు. కానీ ఆ మాట ఊరికే పనిచేయలేదు. దాని వెనక ఒక ముసలావిడ, చలిలో చన్నీళ్లు పోసుకుని, కొబ్బరి గిన్నె పట్టుకుని రోజూ నిలబడింది.